సొట్టతో సహా

ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మూడో వారంలో, మాట నేర్పే అమ్మాయి ఒక అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. నిండా రంగురంగుల బొమ్మల కార్డులు. రోజూ అరగంట సేపు ఒక్కొక్కటే చూపించి పేరు చెప్పించమంది. మొదటిది తీస్తే జిరాఫీ. రెండోది ఓడ. మూడోది మంచుతో చేసిన మనిషి, మెడకి మఫ్లర్ కూడా ఉంది.

"మా ఇంట్లో జిరాఫీ ఎక్కడుందమ్మా?" అన్నాను.

"ఊరికే అలవాటు కోసం ఆంటీ" అంది ఆ పిల్ల నవ్వుతూ.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా నోరు మూసుకుని పది రోజులు చూపించాను. ముప్పై ఏళ్లు వడ్రంగం చేసి, వీధి వీధంతా మేస్త్రీ అని పిలిపించుకున్న మనిషి, కుర్చీలో కూర్చుని జిరాఫీని ఎగాదిగా చూసి ఎడమ చేత్తో పక్కకి తోసేసేవారు. కుడి చెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులా పడి ఉండేది. పదకొండో రోజు మంచుమనిషిని నేలకేసి కొట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. కోపం వచ్చిందంటే మనిషి లోపల ఉన్నట్టే కదా.

మా మరిది అలా అనుకోలేదు. చెడ్డవాడు కాదు. రోజూ పొద్దున్నే వచ్చి అన్నయ్యకి స్నానం చేయించేది అతనే. కానీ అన్నయ్య కళ్లలోకి చూడలేకపోయేవాడు.

"వదినా, నా మాట విను. అన్నయ్యకి ఏదీ తెలియడం లేదు. నేను ఎవరో కూడా తెలుసో లేదో. షెడ్డులో పనిముట్లన్నీ తుప్పు పడుతున్నాయి. పై వీధి వడ్రంగి అడుగుతున్నాడు, మంచివాడు, చక్కగా వాడుకుంటాడు. ఇచ్చేద్దాం."

"ఆయన్ని అడక్కుండానా?"

"అడిగితే చెబుతాడా?"

చివరికి నెల రోజులు గడువు అడిగాను. ఈ నెలలో ఆయనకి తెలుస్తోందని ఒక్క గుర్తు దొరికితే ఇల్లు దాటి ఒక్క మేకు కూడా పోదు. దొరక్కపోతే, నాలుగో ఆదివారం ఆ వడ్రంగి వచ్చి పట్టుకుపోతాడు.

నేను బట్టలు కుడతాను. గుడ్డ మీద సుద్దతో గీతలు గీయడమే తప్ప జన్మలో బొమ్మ గీసిన పాపాన పోలేదు. కానీ జిరాఫీ పనికిరాదని తేలిపోయాక, మా ఇంట్లో వస్తువులే గీసి చూపిస్తే ఏం పోయింది అనిపించింది. సుద్దల డబ్బాలో ఆయన పెన్సిల్ ఉంది. మామూలు పెన్సిల్ కాదు, వడ్రంగులు వాడేది, దొర్లిపోకుండా బద్దలా చదునుగా ఉంటుంది. ఆయన షెడ్డులో పడిపోయిన రోజు నేల మీద దొరికితే, ఎందుకో తెచ్చి నా సుద్దల్లో పడేశాను. దాంతో మొదలుపెట్టాను.

మొదట టీ కెటిల్ గీశాను. బొద్దుగా, నున్నగా, రెండు వైపులా సమానంగా, కొట్లో అద్దం వెనక పెట్టినంత అందంగా వచ్చింది. మురిసిపోతూ చూపించాను. ఆయన తోసేశారు.

నాకు ఒళ్లు మండింది. ఏం లోపమో చూద్దామని కెటిల్‌ని తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాను. అప్పుడు, పద్దెనిమిదేళ్లుగా రోజుకి రెండుసార్లు తోమే కెటిల్‌ని మొట్టమొదటిసారి చూశాను. దాని ముక్కు నిటారుగా లేదు, ఎడమకి ఒరిగి ఉంది. పిడి దగ్గర పూత పోయి లోపలి నలుపు కనిపిస్తోంది. మూత మీద బొటనవేలంత సొట్ట. పొట్ట మీద మా కిటికీ వంకరగా, చిన్నగా, ఊచలతో సహా కనిపిస్తోంది. ఆ కిటికీలో ఒక నల్ల చుక్క ఉంది. అది నేనే. నా ఇంట్లో నా కెటిల్ మీద నేను ఇన్నేళ్లుగా ఉన్నాను, నాకే తెలియదు.

మళ్లీ గీశాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు, సొట్టతో సహా. ఆయన చూశారు. చూపుడువేలు చాచి సొట్ట మీద పెట్టారు. తర్వాత తల తిప్పి వంటింటి వైపు చూసి నవ్వారు. ఆ కెటిల్‌ని కింద పడేసి సొట్ట పెట్టింది ఆయనే. ఆ రోజు నేను చేసిన గొడవ గుర్తొచ్చి ఉంటుంది.

సాయంత్రం మరిదికి చెబితే, "అది నవ్వు కాదు వదినా. నరం లాగితే మూతి అలా అవుతుందట" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి నేను ఇంట్లో ఉన్నవన్నీ గీయడం మొదలుపెట్టాను. చీపురు, గొళ్లెం, తలగడ, నా కుట్టు మిషను, అటక మీది ట్రంకు పెట్టె. వంటింటి స్టూలు కూడా గీశాను. దానికి ఒక కాలు కొత్తది, మూడు పాతవి. కొత్త కాలు బిగించింది ఆయనే. అది కాస్త పొడుగైంది. కోసి సరిచేస్తానని షెడ్డుకి తీసుకెళ్లిన రోజే పడిపోయారు. అప్పటి నుంచి అది కుంటుతూనే ఉంది, ఒక కాలి కింద గుడ్డ మడత పెట్టి వాడుకుంటున్నాను. బొమ్మలో గుడ్డ మడత కూడా గీశాను.

సరిగ్గా ఆ బొమ్మ దగ్గరే ఆయన చెవి చూపించడం మొదలుపెట్టారు. ఎడమ చెయ్యి గడ్డం కింద నుంచి అటు పోనిచ్చి, కష్టపడి కుడి చెవిని అందుకుని, దాని పైన రెండు వేళ్లతో తడిమి, ఖాళీ చెయ్యి నా ముందు చాపేవారు. ఒకసారి కాదు, రోజుకి పదిసార్లు. నేను బొమ్మలు గీస్తుంటే మరీ ఎక్కువ.

"చెవి పోటా అండీ?" అంటే తల అడ్డంగా ఊపేవారు. నాకు నమ్మకం కలగలేదు. ఆటోలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు లైటు వేసి లోపలికంతా చూసి, "చెవి బంగారంలా ఉందమ్మా" అన్నాడు. అయినా చుక్కల మందు రాయించుకున్నాను. రోజుకి మూడుసార్లు వేశాను. పాపం, మా ఆయన ఏ జబ్బూ లేని చెవిలో వారం రోజులు మందు పోయించుకుని, నా వంక చూసిన చూపు నేను ఈ జన్మలో మర్చిపోను.

తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఏదో చప్పుడు ఆయన్ని బాధపెడుతోంది, అందుకే చెవి చూపిస్తున్నారు. నేను గీస్తుంటేనే ఎక్కువ చూపిస్తున్నారంటే, కాగితం మీద పెన్సిల్ గీరుకునే చప్పుడే అయ్యుండాలి. ఎంత తెలివిగలదాన్నో అని నన్ను నేనే మెచ్చుకుని, పుస్తకం పెన్సిల్ పట్టుకుని వీధిలోకి పోయి గీయడం మొదలుపెట్టాను. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆయన కుర్చీ చెయ్యి మీద దబదబా కొట్టారు. టాటా చెబుతున్నారనుకున్నాను.

ఆ వీధిలో కాపురం పెట్టి ఇరవై ఆరేళ్లయింది. చూడడానికి ఏముంది, గోడలూ గుంతలూ అనుకునేదాన్ని. ఎదురింటి మెట్టు మీద కూర్చుని కుళాయి గీయబోయాను. సరిగ్గా మూయని కుళాయి, చుక్క చుక్కా కారుతోంది. చుక్క పడే ముందు ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. మొదట గొట్టం అంచున ఒక తడి. అది ఉబ్బుతుంది. కిందికి సాగి, మెడ సన్నబడి, ఇక ఆగదనుకునేంతలో ఒక్క రెప్పపాటు ఆగుతుంది. ఆ రెప్పపాటులో వీధంతా దాని లోపల తలకిందులుగా వేలాడుతుంది: గోడలు, ఆకాశం, ఆరేసిన దుప్పటి. తర్వాత పడిపోతుంది. వెంటనే ఇంకో వీధి తయారవుతుంది. ఎన్నేళ్ల నుంచి ఇలా వీధి వెనక వీధి రాలిపోతోందో! నేను బకెట్ నిండిందా లేదా అని మాత్రమే చూసేదాన్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరైనా చూస్తే మొగుడి గురించి ఏడుస్తోందనుకుంటారని తుడుచుకున్నాను.

మర్నాడు వీధి మూల మీద తాళాలు బాగుచేసే ఆయన దగ్గర కూర్చున్నాను. తాళంచెవి ఆకురాయితో రుద్దుతున్నాడు. "ఏంటమ్మా, నా బొమ్మా? ఆగు, తల దువ్వుకుంటాను" అన్నాడు.

"తల ఎవడిక్కావాలి? నీ చెయ్యి కదపకుండా పని చెయ్యి."

"చెయ్యి కదపకుండా పనెలా చేస్తారమ్మా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ చెయ్యి! బొటనవేలి గోరు సగం అరిగిపోయి ఉంది. తాళంచెవి పట్టుకునే చోట వేలికి చిన్న లోయ పడింది, తాళంచెవి వచ్చి అందులో సరిగ్గా కూర్చుంటోంది. పనిముట్టు మనిషిని ఇంతగా మలుచుకుంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. నా కుడి మధ్యవేలు చూసుకున్నాను. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయ కాసి ఉంది. దాన్ని కూడా గీశాను.

చప్పుడు చేసేవన్నీ గీసి రోజూ సాయంత్రం ఆయనకి చూపించేదాన్ని. కుళాయి, ఆకురాయి, తుప్పు పట్టిన గేటు బందు, సైకిలు పంపు, బడి గంట. "ఈ చప్పుడా అండీ? ఇదా?" ఆయన ప్రతి బొమ్మనీ వేలితో గీత గీతా తడిమి చూసేవారు. చుక్క బొమ్మ దగ్గర చాలాసేపు ఆగి, నా ముఖంలోకి చూశారు. పెళ్లయిన కొత్తలో కూడా అంత ఆశ్చర్యంగా చూడలేదు నన్ను. ఆ తర్వాత మళ్లీ చెయ్యి చెవి మీదికి పోయేది. నేను మళ్లీ ఓడిపోయేదాన్ని. వారాలు గడిచిపోయాయి.

శనివారం షెడ్డులోకి వెళ్లాను. రేపు పోయేవాటిని ఒకసారి గీసుకుందామని. చిత్రిక, ఉలులు, గోడకి వేలాడే రంపాలు. బల్ల మీద ఇంకా రంపపు పొట్టు ఉంది, ఊడ్వలేదు. ఒక మూల చెక్కముక్క మీద గీత, గీతకి ఒక పక్క ఇంటూ గుర్తు కనిపించింది. నాకు పెళ్లయిన మొదటి ఏడు గుర్తొచ్చింది. పని ఎక్కువైందని సాయం చేస్తానంటే, గీత గీసిన నాలుగు బల్ల కాళ్లు కొయ్యమని ఇచ్చారు. మా కుట్టుపనిలో ఇంటూ గుర్తు వేస్తే అది గుడ్డకి తిరగవైపని అర్థం, జాగ్రత్తగా దాచుకునే గుడ్డే అది. నేను నాలుగూ కోసి, ఇంటూ ఉన్న బెత్తెడు ముక్కలు పదిలంగా పేర్చి, అసలు కాళ్లు పొయ్యిలోకి పనికొస్తాయని బయట పడేశాను. వడ్రంగంలో ఇంటూ అంటే కోసి పారేసే వైపు. అది తెలిసేసరికి ఒక కాలు కాలిపోయింది. ఆయన తిట్టలేదు. నేల మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత రంపం నేను ముట్టలేదు.

ఆదివారం పొద్దున మరిది వచ్చి, అన్నయ్యకి స్నానం చేయించి, షెడ్డులో సామాను సర్దడం మొదలుపెట్టాడు. పదింటికి ఆ వడ్రంగి వస్తాడు. ఇనుము ఇనుముకి తగిలే చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది. ఆయన గుమ్మం వైపే చూస్తున్నారు, దవడ బిగుసుకుని ఉంది. నెల రోజులు అడిగి, ఇల్లంతా వీధంతా గీసి, ఒక్క గుర్తు సంపాదించలేకపోయాను. ఎదురుగా కుంటి స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇల్లంతా గీశాను గానీ ఈయన్ని గీయలేదని అప్పుడు తట్టింది.

"కదలకండి" అన్నాను. కదల్లేని మనిషితో అనాల్సిన మాట కాదు. ఆయన కళ్లతోనే నవ్వారు.

నుదురు గీశాను, కనుబొమలు, కాస్త కిందికి జారిన కుడి పెదవి. చెవులకి వచ్చాను. ఎడమ చెవి తలని అంటిపెట్టుకుని ఉంది. కుడి చెవి అలా లేదు. పై అంచు బయటికి వంగి, తలకీ దానికీ మధ్య సందు ఉంది. పక్షవాతం వల్ల అనుకున్నాను మొదట. దగ్గరికి జరిగి చూస్తే, సందు పైన జుట్టులో ఒక బాట. వేలెడు పొడుగున అక్కడ వెంట్రుకలు పలచబడి, చర్మం నున్నగా అరిగి ఉంది. తాళాలాయన వేలికి పడిన లోయలాగే. ఇక్కడ ఏదో ఉండేది. ఏళ్ల తరబడి, రోజంతా, ఇక్కడ ఏదో కూర్చుని ఉండేది. ఈ సందంత మందంగా, చదునుగా, దొర్లిపోకుండా.

నా చేతిలో ఉన్నదాని వైపు చూశాను.

ఇరవై ఆరేళ్లు ఆ మనిషి చెవి మీద పెన్సిల్ లేకుండా నేను చూడలేదు. అన్నం తినేటప్పుడు తియ్యమని రోజూ పోట్లాడేదాన్ని. అంతలా చూసి చూసి, చూడడం మానేశాను. ఇన్ని వారాలుగా ఆయన అడుగుతున్నది ఇదే. ఇల్లంతా గీశాను గానీ, దేంతో గీస్తున్నానో దాన్ని గీయలేదు. పైగా చెవిలో మందు పోశాను!

పెన్సిల్‌ని ఆ సందులో పెట్టాను. సొరుగు తన అరలోకి పోయినట్టు పోయి కూర్చుంది. ఆయన కళ్లు మూసుకున్నారు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు జారాయి. నేను పైట నోట్లో కుక్కుకున్నాను.

కొంచెంసేపటికి ఎడమ చెయ్యి లేచింది. అటు సాగి పెన్సిల్ తీసుకుంది. బొమ్మల పుస్తకం ఇమ్మన్నట్టు వేళ్లు ఆడించారు. ఒళ్లో పెట్టాను. కెటిల్ దాటారు, కుళాయి దాటారు, స్టూలు దగ్గర ఆగారు. అలవాటు లేని చేత్తో, పెన్సిల్ నాలుగుసార్లు జారినా వదలకుండా, కొత్త కాలికి అడ్డంగా ఒక గీత గీశారు. దాని కింద ఒక గుర్తు పెట్టారు.

ఈలోపు మరిది చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. "అయ్యో, బొమ్మ కొట్టేశాడేంటి వదినా? ఇంటూ పెట్టేశాడు."

"కొట్టెయ్యలేదురా" అన్నాను. "గీత కింద ఇంటూ. అంతవరకూ కోసి పారెయ్యమంటున్నారు."

మరిది బొమ్మ వంక చూశాడు, నా కింద ఉన్న స్టూలు వంక చూశాడు. తర్వాత, రెండు నెలల్లో మొదటిసారి, అన్నయ్య కళ్లలోకి చూశాడు. కుర్చీ పక్కన నేల మీద కూలబడి, ఆయన పడిపోయిన చేతిని తన చెంపకి ఆనించుకున్నాడు. కాసేపయ్యాక ఫోను తీసి, "ఇవాళ రావద్దండీ. లేదు, రేపు కూడా వద్దు. మా అన్నయ్యకి పనుంది" అన్నాడు.

స్టూలు తిరగేసి ఆయన ముందు పెట్టాను. కొత్త కాలిని పాత కాళ్ల పక్కన వేళ్లతో కొలిచి కొలిచి చూసుకుని, ఈసారి చెక్క మీదే గీత గీశారు. అంచు వైపు ఇంటూ. తర్వాత నాకు రంపం చూపించారు. మరిదికి కాదు, నాకే.

"మళ్లీ కాల్చేస్తానేమో" అన్నాను. ఆయన భుజాలు నవ్వుతో కదిలాయి.

మరిది స్టూలు పట్టుకున్నాడు. పెన్సిల్ నాకిచ్చారు, ఎక్కడ పెట్టుకోవాలో తోచక నా చెవి మీద పెట్టుకుని, రంపం రెండు చేతులతో పట్టుకున్నాను. గీత మీద కాకుండా, గీత మిగిలేట్టు, ఇంటూ వైపు కోశాను. సగం దారిలో రంపం పక్కకి పోబోతే ఆయన నాలుకతో టక్ మని శబ్దం చేశారు. సరిచేసుకున్నాను. చక్రంలాంటి పలచటి ముక్క, ఇంటూతో సహా, నేల మీద పడింది.

గుడ్డ మడత తీసేసి స్టూలు నిలబెట్టి కూర్చున్నాను. అటు ఒరిగాను, ఇటు ఒరిగాను. కదల్లేదు.

మా మరిది ఏడుస్తూ చప్పట్లు కొట్టాడు. నేను ఆయన వంక చూశాను, మెచ్చుకుంటారేమోనని. ఆయన ఎడమ చెయ్యి గడ్డం కింద నుంచి అటు పోనిచ్చి, కుడి చెవి పైన రెండు వేళ్లతో తడిమి, ఖాళీ చెయ్యి నా ముందు చాపారు.

"తెలిసిందండీ" అని, నా చెవి మీది పెన్సిల్ తీసి ఆయనకి ఇచ్చేశాను.